హాస్టల్ గదుల అమానత్



అమెరికాలో డిగ్రీ చదువుతున్న ఒక కుర్రవాడి తండ్రి ఇటీవల మా వద్దకు వచ్చారు. కుమారుడికి విశ్వవిద్యాలయ హాస్టల్లో 'రెసిడెంట్ అసిస్టెంట్' ఉద్యోగం దొరికేలా ఉందట. గది అద్దె ఉండదు, చాలాచోట్ల భోజనం కూడా ఇస్తారు. "అప్పు చేసి పంపించాం మౌలానా! ఇది దొరికితే సగం భారం దిగుతుంది. కానీ ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే భవనంలో ఉంటారట, మందు సీసాలు కూడా కనబడతాయట. ఇది హలాలేనా?" అని అడిగారు.

పని ఏమిటో తెలియకుండా దాని గురించి తీర్పు చెప్పటం తగదు. రెసిడెంట్ అసిస్టెంట్ వార్డెన్ కాదు, తానూ విద్యార్థే. ఒక అంతస్తులో తోటివారి మధ్యే ఉంటూ కొత్తవారికి దారి చూపుతాడు, ఒకే గదిలో ఉండేవారి తగాదాలు తీరుస్తాడు, వంతు వచ్చిన రాత్రి వరండాలు తిరిగి చూస్తాడు, జబ్బుపడినవారికి సహాయం పిలుస్తాడు, నియమం తప్పినవారి సంగతి పైవారికి రాసి పంపుతాడు. అక్కడ 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మటం చట్టవిరుద్ధం. ఇతడు మద్యం పోసేవాడు కాదు, అడ్డుకునేవాడు. కనుక మూలంలో ఈ పని ధర్మసమ్మతమేనని మా అభిప్రాయం. భయపడవలసిన చోటు వేరే ఉంది.

మదీనాలో మస్జిదె నబవీ అరుగు మీద నివసించిన పేద విద్యార్థులను, అస్‌హాబె సుఫ్ఫాను గుర్తు చేసుకోండి. ఒకరోజు హజ్రత్ అబూ హురైరా (రజి) ఆకలితో అల్లాడుతున్నారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఇంటికి ఒక గిన్నెడు పాలు కానుకగా వచ్చాయి. సుఫ్ఫా వారందరినీ పిలుచుకు రమ్మని ఆయననే పంపారు. ఇంతమంది తాగాక నాకేం మిగులుతుందని ఆయన మనసు పీకింది. అయినా వెళ్లారు, పిలిచారు, ఒక్కొక్కరికీ స్వయంగా అందించారు, అందరి తర్వాతే తాగారు. సహీహ్ బుఖారీలో ఈ ఉదంతం ఉంది. తోటి విద్యార్థుల బాధ్యత అంటే అదీ.

మేము మదరసాలో చదివేటప్పుడు దారుల్ ఇఖామాలో ఒక పెద్ద విద్యార్థి మాకు నిగ్రాన్‌గా ఉండేవాడు. తన ఊరి పిల్లలు ఫజ్ర్‌కు లేవకపోయినా హాజరు వేసేవాడు, మా పేర్లు మాత్రం ఉస్తాద్‌కు చేరేవి. ఇరవై ఏళ్లు దాటినా అది మరపుకు రాలేదు. మన కుర్రవాడు అక్కడ తెలుగు పిల్లల గదిలో సీసా చూసి కళ్లు మూసుకుని, పక్క గది మీద రాసి పంపితే, తినే అన్నంలో ఖియానత్ చేరినట్లే.

ఇక తలుపుల సంగతి. అనుమతి లేనిదే పరాయి ఇంట అడుగుపెట్టవద్దని సూరె నూర్, కూపీలు తీయవద్దని సూరె హుజురాత్ మనకు నేర్పాయి. వరండాలోకి వినిపించిన గొడవను విచారించటం విధి. తలుపుకు చెవి ఆనించటం పాపం.

రహస్యాల విషయం మరింత సున్నితమైనది. ఎవరైనా తమపై లైంగిక దాడి జరిగిందని చెప్పుకుంటే, ఆ ఉద్యోగి దాన్ని పైవారికి తెలియజేయాలని అక్కడి చాలా విశ్వవిద్యాలయాల నియమం. "ఎవరికీ చెప్పను" అని మాట ఇచ్చి తర్వాత చెప్పటం మాట తప్పటమే. అందుకని ఎదుటివారు నోరు విప్పకముందే, "నేను కొన్ని విషయాలు దాచలేను, గోప్యంగా వినే కౌన్సిలర్ వద్దకు తీసుకెళతాను" అని చెప్పేయాలి. అర్ధరాత్రి ఒక అమ్మాయి ఏడుస్తూ వస్తే తరిమేయకూడదు, గదిలోకి పిలిచి తలుపు వేయనూ కూడదు. నలుగురూ తిరిగే చోట కూర్చోబెట్టి, తోటి మహిళా ఉద్యోగిని పిలిపించాలి.

అంతస్తువారి కోసం కార్యక్రమాలు పెట్టటం కూడా ఈ పనిలో భాగమే. పరీక్షల చదువు, వంట, ఆటలు వంటివి ఎన్నుకోవచ్చు. నాట్య విందులు తనకు అప్పగించవద్దని సంతకానికి ముందే అడగాలి, తర్వాత సాకులు చెప్పకూడదు. విదేశీ విద్యార్థి సెమిస్టర్ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి క్యాంపస్‌లో పనిచేయరాదన్నది వీసా నిబంధన. లైబ్రరీలో ముందే పని ఉంటే ఆ గంటలూ కలుస్తాయి. ఇదీ ఒప్పందమే, దీన్ని చిన్న విషయంగా చూసేవారు మనలో చాలామందే ఉన్నారు.

ఇదంతా విని ఆ తండ్రి మా ఎదుటే కుమారుడికి ఫోన్ చేశారు. జీతం గురించి కాదు, శుక్రవారం మధ్యాహ్నం డ్యూటీ పడితే మార్చుకోనిస్తారా అని అడిగారు. అడిగి చెబుతానన్నాడు ఆ అబ్బాయి.