చుట్టుదారిన నడిపించు దేవుడు

ధ్యాన భాగము: నిర్గమకాండము 13:17-18



ఐగుప్తునుండి కనానుకు దగ్గరి దారి ఒకటి యుండెను. సముద్రతీరము వెంబడి గాజాకు పోవు ఆ దారిన ప్రయాణము రెండు వారములలోపే ముగియును. అయినను దేవుడు తన ప్రజలను ఆ దారి పట్టింపక అరణ్యమువైపు మళ్లించెను. పదునెనిమిదవ వచనములోని హెబ్రీ క్రియకు “చుట్టి పోవునట్లు చేయుట” అని అర్థము. అనువాదపు పనిలో ఈ మాటయొద్ద నేనొక దినము కలము ఆపి కూర్చుంటిని. ప్రజలు దారి తప్పి చుట్టు తిరిగిరని అక్కడ లేదు. వారిని త్రిప్పినవాడు దేవుడే. యుద్ధము కంటబడినయెడల వారు వెనుకకు మరలుదురని ఆయన ఎరిగియుండెను. గమ్యము చేరుట ఎంత ముఖ్యమో, అక్కడ నిలువగలవారై చేరుటయు అంత ముఖ్యము.

అమెరికాలోనున్న ఒక తెలుగు సోదరి వ్రాసిన ఉత్తరము ఈ వాక్యమును నా మనస్సునకు తెచ్చెను. ఆమె తండ్రి గుండెజబ్బుతో మరణించెను. అప్పుడామె కోస్తాలోని ఒక మిషను ఆసుపత్రిలో నర్సు శిక్షణ పొందుచుండెను. గుండె రోగులకే సేవ చేయుదునని ఆనాడే తీర్మానించుకొనెను గాని ఆ వార్డులో చోటు దొరకలేదు. ఆరేండ్లు పల్లెలలో బాలింతలను, పసిబిడ్డలను చూచెను. పిమ్మట గుండె ఆసుపత్రిలో ఉద్యోగమని నమ్మించి ఒక మధ్యవర్తి డబ్బు తీసికొని ఆమెను గల్ఫుకు పంపెను; అక్కడ దొరకినది మూత్రపిండముల రోగులకు డయాలసిస్ చేయు విభాగము. అమెరికా చేరిన తరువాత వృద్ధుల ఆశ్రమములో రాత్రి డ్యూటీలు చేయుచు, పగలు చదివి, నర్స్ ప్రాక్టీషనర్ పట్టా పొందెను. గుండె క్లినిక్కులో అడుగుపెట్టునప్పటికి ఆమెకు నలువది ఆరేండ్లు. “అయ్యగారూ, నా ఇరువదియేండ్లు వ్యర్థమైనవా?” అని ఆమె అడిగెను.

ఆమె చేరిన వృత్తి కూడ చుట్టుదారిన పుట్టినదే. దాని స్థాపకులలో ఒకరైన లొరెట్టా ఫోర్డ్ 1920లో న్యూయార్కులో జన్మించెను. ఉపాధ్యాయిని కావలెనని ఆమె కోరిక. కుటుంబమునకు డబ్బు చాలక నర్సు అయ్యెను. 1943లో ఆమెకు కాబోవు భర్త యుద్ధములో మరణించెను. విమానములలో గాయపడినవారికి సేవ చేయవలెనని సైన్యమున చేరెను గాని చూపు చాలదని ఆ అవకాశము ఈయలేదు. చివరకు కొలరాడోలో ప్రజారోగ్య నర్సుగా పనిచేయుచు, వైద్యులు అందని పల్లె కుటుంబముల అవసరము కన్నులార చూచెను. 1965లో శిశువైద్యుడు హెన్రీ సిల్వర్‌తో కలిసి కొలరాడో విశ్వవిద్యాలయములో, రోగిని పరీక్షించి వ్యాధిని గుర్తించి చికిత్స చేయగల నర్సులకు శిక్షణ ప్రారంభించెను. పిల్లల సేవకై మొదలైన ఆ పని నేడు గుండె క్లినిక్కులవరకు వ్యాపించినది. ఆమె 2025లో, 104 ఏండ్ల వయస్సున కన్నుమూసెను.

మన సోదరి ఉత్తరములో ఒక సంగతి యుండెను. కుమారునియొద్దకు వచ్చిన ఒక తెలుగు వృద్ధురాలికి గుండె బలహీనమై ఒంటికి నీరు పట్టుచుండెను. మందు మోతాదు పెంచినను తగ్గలేదు. అట్టి రోగి బరువు ఒక దినములో ఒక కిలో, లేదా వారములో రెండు కిలోలు పెరిగినయెడల, అది కండ కాదు, లోపల చేరిన నీరు. డయాలసిస్ విభాగములో ఎనిమిదేండ్లు రోగులను తూచిన సోదరికి ఆ అంకెలు చూడగనే సంగతి తెలిసెను. వృద్ధుల మౌనమును చదువుట ఆశ్రమములో నేర్చియుండెను గనుక కుమారుని బయట కూర్చుండుమని చెప్పెను. పల్లెలో మంచముకోడునొద్ద కూర్చున్నట్లే ఆ తల్లియొద్ద కూర్చుండి, “పెద్దమ్మగారూ, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకొని పడుకొనుచున్నారు?” అని అడిగెను. “మూడమ్మా. అబ్బాయి కంగారుపడునని చెప్పలేదు” అనెను ఆమె. మాటలలో మాటగా, ఇంటినుండి తెచ్చుకొన్న ఆవకాయ రెండుపూటల తినుచున్న సంగతియు బయటపడెను. ఆ ఉప్పే నీటిని నిలుపుచుండెను. వారము తిరుగకమునుపే వాపు తగ్గెను. ఆ తల్లి ఒక దిండుపై నిద్రించెను.

ప్రియులారా, ఆ గదిలో పల్లె, గల్ఫు, వృద్ధాశ్రమము మూడును పనిచేసినవి. వీటిలో ఏ ఒక్కటి లేకున్నను ఆ ప్రశ్న పుట్టెడిది కాదు.

అయితే ఇక్కడ జాగ్రత్త అవసరము. ఆ మధ్యవర్తి మోసము దేవుడు చేయించినదని నేను చెప్పజాలను. ఫోర్డ్ వరుని మరణము ఒక వృత్తి పుట్టుటకు చెల్లింపబడిన వెల అనియు చెప్పజాలను. అట్టి మాట దుఃఖించువారిని గాయపరచును, దేవుని పేరును కించపరచును. యోసేపు సహోదరులు చేసినది కీడే. యోసేపు దానిని మేలని పిలువలేదు. వారు కీడు తలంచిన చోట దేవుడు మేలు తలంచెనని మాత్రమే అతడు సాక్ష్యమిచ్చెను. ఇశ్రాయేలీయులు అరణ్యములో నలువది ఏండ్లు గడుపుట వారి అవిశ్వాసఫలము. అయినను ఆ నలువది ఏండ్లును వారు మన్నా తినిరి. మన వంకరదారులన్నియు ఆయన గీసినవి కావు. కాని ఆయన విడిచిపెట్టిన దారి ఒక్కటియు లేదు.

కనుక ఆ సోదరికి ఇట్లు వ్రాసితిని: “అమ్మా, పోయినదానిని పోయినదనియే ఎంచుము; దానికై ఏడ్చుట పాపము కాదు. కాని నీవు నేర్చినది పోలేదు. నీ తండ్రి మంచమునొద్ద నీవు చేసిన తీర్మానమును దేవుడు మరువలేదు. ఆ తల్లి నిద్రించిన రాత్రి ఆయన నీకు జవాబిచ్చెను.”

చదువరీ, నీవు కోరిన పని దొరకక మరియొక పనిలో ఏండ్లు గడుపుచున్నావా? నీతోటివారు ముందుకు పోగా వెనుకబడితినని కుములుచున్నావా? నేడు నీ యెదుట నున్న రోగిని, బిడ్డను, లెక్కల పుస్తకమును శ్రద్ధగా చూడుము. అక్కడ నేర్చునది ఎవరి ప్రాణమునకు అక్కరకు వచ్చునో నీకు తెలియదు. నిన్ను నడిపించువానికి తెలియును.

ప్రార్థన: ప్రభువా, దగ్గరి దారి మూయబడినప్పుడు నీవు మమ్మును విడిచితివని తలంపకుండ కాపాడుము. మా గడచిన ఏండ్లను నీ చేతికి అప్పగించుచున్నాము. వాటిలో ఏదియు వ్యర్థము కానీయక, ఒకరి ఊరట నిమిత్తము వాడుకొనుము. యేసు నామమున, ఆమేన్.