పొడుచు ఎద్దు ఎవరిది?

ధ్యాన భాగములు: నిర్గమకాండము 21:28-36, ద్వితీయోపదేశకాండము 22:8



ఈ మాసము మేము వ్రాయునది మా తప్పిదమును గూర్చియే గనుక, ఓర్పుతో చదువుడని వేడుకొనుచున్నాము.

కొండ గ్రామములకు పోయి వచ్చుటకై రెండేండ్ల క్రిందట మా కుటుంబము ఒక పాత వ్యాను కొనెను. పదమూడేండ్లు వాడిన బండి. రంగు చూచితిమి, సీట్లు చూచితిమి, పాటల పెట్టె పాడుచున్నదా యని కూడ చూచితిమి. వంగి చక్రముల లోపలి ప్రక్క చూచినవారు మాలో ఒక్కరును లేరు.

గత వేసవిలో అరకు వైపున ఒక ఇంట ప్రార్థన ముగించుకొని, అనంతగిరి ఘాటు మీదుగా శృంగవరపుకోటకు దిగుచుంటిమి. బండిలో మా యింటివారు, ఇద్దరు పిల్లలు, సంఘములోని ఒక వృద్ధురాలు ఉండిరి. గేరు తగ్గింపక, కాలు బ్రేకు మీదనే ఉంచి దిగితిమి. సగము దిగునప్పటికి కాలిన వాసన వచ్చెను. తరువాతి మలుపులో పెడలు నొక్కగా, బురదలో కాలు దిగినట్లు అది అడుగువరకు దిగిపోయెను.

యేసయ్యా యని కేక వేయుచునే గేరును మూడు నుండి రెండుకు, రెండు నుండి ఒకటికి దింపితిమి. పెడలును మాటిమాటికి నొక్కుచు చేతిబ్రేకును మెల్లమెల్లగా లాగితిమి. ఒక్కసారిగా లాగియుండిన యెడల వెనుక చక్రములు బిగిసి బండి అడ్డము తిరిగియుండవచ్చును. కొండ ప్రక్కన పోసియున్న ఇసుక కుప్పలో బండి ముక్కు దిగి నిలిచెను. వృద్ధురాలి మోచేయి గీచుకొనెను. మరెవ్వరికిని దెబ్బ తగులలేదు.

తరువాతి ఆదివారము సంఘములో పలువురు దేవదూతలే బండిని పట్టుకొనిరని చెప్పిరి. మేము కాదనము. అయితే సాక్ష్యమును అక్కడనే ఆపివేసిన యెడల అది అబద్ధ సాక్ష్యమగును.

మెకానిక్కు చక్రములు విప్పెను. ముందు ప్యాడ్లు ఇనుము వరకు అరిగియుండెను. వెనుక చక్రపు సిలిండరులోని రబ్బరు చీలి, నూనె కారి, డ్రమ్ములోని షూ తడిసియుండెను. మిగిలిన బ్రేకు ఆయిలు కాఫీ డికాషను వలె నల్లబడియుండెను. ఆ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 3 రకము క్రొత్తదైతే 205 డిగ్రీల వరకు మరుగకూడదు. తేమ పట్టినప్పుడు 140 డిగ్రీలకే మరుగవచ్చును. దిగుడులో చక్రములు వేడెక్కి ఆయిలు మరిగిన యెడల గొట్టములలో ఆవిరి చేరును. ద్రవము నొక్కినను అణగదు, ఆవిరి అణగిపోవును. కాలి బలము చక్రమునకు చేరదు. “అయ్యగారూ, ఇది నిన్న మొన్నటి రోగం కాదు” అని అతడు చెప్పెను.

మేము కోపముతో బండి అమ్మినవాని యొద్దకు పోయితిమి. అతడు తల వంచుకొని కొంతసేపు ఊరకుండి, “ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది గదండీ, మీరు చూడలేదా?” అని అడిగెను.

చూచితిమి. రెండు వారములుగా చూచుచునే యుంటిమి. “ఏమండీ, ఆ లైటు మళ్లీ వెలిగింది” అని మా యింటివారు చెప్పగా, కొంచెము ఆయిలు పోసి, పండుగ తరువాత బాగు చేయించెదమంటిమి. మరునాటికి లైటు ఆరినది గదా యని సంతోషించితిమి కూడ.

నిర్గమకాండములో ఎద్దును గూర్చిన ధర్మము చూడుడి. ఎన్నడును పొడవని ఎద్దు ఒకనిని చంపిన యెడల యజమానుడు నిర్దోషి. అది పొడుచునని ముందే తెలుపబడినను కట్టివేయని యెడల ప్రాణదోషము యజమానునిదే. ఎద్దు అదే, కొమ్ములు అవే; తెలిసియుండుటయే భేదము. ద్వితీయోపదేశకాండము ఇంటి కప్పునకు పిట్టగోడ కట్టుమనుట పడినవాని కొరకు కాదు, ఇంకను పడనివాని కొరకు. మన దేశమందలి 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 190వ సెక్షనును అట్లే చెప్పుచున్నది: అపాయకరమైన లోపమును ఎరిగియుండియైనను, సాధారణ జాగ్రత్తతో ఎరుగదగియుండియైనను బండిని రోడ్డు మీద నడిపినవాడు, నడుపనిచ్చినవాడు శిక్షార్హుడు.

ఒక పెద్ద మాకు మేలు కోరియే సలహా చెప్పెను: “ఈ పీడ మనకెందుకు? వారపు సంతలో ఎవరికైనా అమ్మేయండి, ఏమీ చెప్పకండి.” ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు, సలహా చెడ్డదని కాదు, మాకు నచ్చినందున. అమ్మినవానిని దూషించిన నోటితోనే మేమును మౌనము వహింప సిద్ధపడితిమి. తెల్లవారి బండిని మరల మెకానిక్కు యొద్దకే పంపితిమి. ఖర్చు ఏడు వేల రూపాయల లోపే. పండుగ బట్టలకు అంతకంటె ఎక్కువ వ్యయపరచియుంటిమి.

మీలో పాత బండి కొనువారు అమ్మువాని మెకానిక్కును కాక మీ మెకానిక్కును వెంటబెట్టుకొని పొండు. ఇంజను నడుచుచుండగా పెడలును గట్టిగా నొక్కి ఒక నిమిషము పట్టియుంచుడి. మెల్లగా దిగిపోయిన యెడల ఎక్కడనో కారుచున్నదని అనుమానింపుడి. చక్రముల లోపలి ప్రక్క తడి చూడుడి. ఏటవాలు నేల మీద చేతిబ్రేకు మాత్రమే వేసి నిలిపి చూడుడి. ఘాటు దిగునప్పుడు ఎక్కిన గేరులోనే దిగుడి. పెట్రోలు మిగులునని ఇంజను ఆపి దిగువారిని మేమెరుగుదుము; వారికి ఇంజను పట్టును పోవును, బూస్టరు సాయమును పోవును.

అరిగిన ఆ ప్యాడ్లను మెకానిక్కు యొద్దనుండి అడిగి తెచ్చితిమి. అవి మా బల్ల మీద, బైబిలు ప్రక్కన ఉన్నవి. చూడగోరువారు ఏ సాయంకాలమైనను రావచ్చును.