దీపతోరణానికి రెండవ పాదం



ఆగమన కాలం మూడవ వారం వచ్చిందంటే మన విచారణల్లో యువకులకు నిద్ర ఉండదు. సరుగుడు గుంజలు ఎవరి తోటలో దొరుకుతాయి, వెదురు బొంగులు ఎన్ని కావాలి, పోయినేడు అటక మీద పెట్టిన సీరియల్ సెట్లలో ఎన్ని వెలుగుతున్నాయి, ఇవే వారి మాటలు. గుడి ముందు ఒకటి, పేట మొదట్లో ఒకటి, సందు మలుపులో ఇంకొకటి దీపతోరణాలు లేస్తాయి. మనవాళ్ళు వాడుకగా 'ఆర్చి' అంటారు. డబ్బిచ్చి డెకరేషన్ వారిచేత పెట్టించుకునే ఆర్చీలు ఉన్నాయి. ఈ వారం నేను మాట్లాడదలచినది మన పిల్లలు స్వహస్తాలతో కట్టే ఆర్చి గురించి.

దానిని చూసినప్పుడు ఆలోచనాపరుడైన విశ్వాసికి ఒక ప్రశ్న కలగాలి. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో యేసుప్రభువు మన వెలుగును పదిమంది ఎదుట ప్రకాశింపజేయమని ఆజ్ఞాపించారు. అదే కొండమీది ప్రసంగంలో, 6వ అధ్యాయం మొదట్లోనే, నలుగురి కంటబడాలని మంచిపనులు చేయవద్దని హెచ్చరించారు. మరి ప్రభువు చూపమన్నట్లా, దాచమన్నట్లా? వీధంతా చూసేలా దీపాలు కట్టే క్రైస్తవుడు ఏ మాటను పాటిస్తున్నాడు, ఏ మాటను మీరుతున్నాడు?

వృథా ఖర్చు అందామా?

కొందరు పెద్దలు ఈ ప్రశ్నకు సులువైన జవాబు చెబుతారు. "ఫాదర్ గారూ, ఈ లైట్లకయ్యే డబ్బు ఒక బీదవాడికిస్తే పుణ్యం కదా" అంటారు. మాట మంచిదే. కాని ఈ మాటను సువార్తలో మొదట అన్నది ఎవరో గుర్తు చేసుకోండి. బెతానియాలో మరియ ప్రభువు పాదాలకు విలువైన పరిమళ తైలం పూసినప్పుడు, దానిని మూడు వందల దీనారాలకు అమ్మి పేదలకు ఇవ్వవచ్చు కదా అని యూదా ఇస్కారియోతు అడిగాడు. ప్రభువు ఆమె పక్షం వహించారు. ప్రేమతో చేసిన అందమైన పనిని ప్రభువు వృథా అనలేదు.

పైగా అలా లెక్కలు వేసేవారు ఒక సంగతి మరచిపోతారు. మన పేటల్లో చాలావాటికి వీధి దీపం ఊరందరికంటే ఆలస్యంగా వచ్చింది. పెట్రోమాక్స్ లైటు అద్దెకు తెచ్చి క్రిస్మస్ రాత్రి జరుపుకున్న రోజులు మన వృద్ధులకు ఇంకా జ్ఞాపకమే. అటువంటి పేటలోని పిల్లలు రోడ్డు మీద వెళ్ళే బస్సులోనివారికి కూడా కనబడేలా ఒక ఆర్చి కట్టి వెలిగిస్తే, దానిని డంబం అని కొట్టివేయడానికి నాకు మనసొప్పదు. "మేమూ ఇక్కడ ఉన్నాం, మా ఇంట కూడా ప్రభువు పుట్టారు" అని చెప్పుకోవడం గర్వం కాదు. లూకా సువార్త 2వ అధ్యాయం ప్రకారం ఆ రాత్రి ప్రభువు మహిమ ప్రకాశించింది పొలంలో మంద కాసుకునే గొల్లల చుట్టూనే. ఊరి చివరివారి మీద పడిన ఆ వెలుగును ఊరి చివరివారు చూపించుకుంటే తప్పేముంది?

అక్వినాస్ వారి మూడు పరీక్షలు

అయితే ప్రతి దీపమూ సువార్త చెప్పిన వెలుగు కాదు. ఇక్కడ పునీత తోమస్ అక్వినాస్ వారు మనకు సాయపడతారు. 13వ శతాబ్దపు ఈ మహాజ్ఞాని తమ 'సుమ్మా థియోలోజియా'లో వ్యర్థకీర్తి అనే పాపాన్ని విచారించారు. కీర్తి కోరడం దానంతట అదే పాపం కాదన్నారు. మంచిపని నలుగురి మెప్పు పొందాలనుకోవడంలో దోషం లేదంటూ మత్తయి 5వ అధ్యాయంలోని వెలుగు మాటనే గుర్తు చేశారు. కీర్తి వ్యర్థం కావడానికి మూడు దారులు ఉన్నాయన్నారు. వారి ఆలోచనను మన ఆర్చి దగ్గరకు తెచ్చుకుందాం.

మొదటిది, లేనిదాని కోసం, లేదా విలువలేనిదాని కోసం మెప్పు కోరడం. స్తంభం మీది తీగకు కొక్కెం తగిలించి, మీటరు లేని కరెంటుతో బాలయేసు నక్షత్రాన్ని వెలిగిస్తే ఆ వెలుగు ఎవరిది? మనది కాని వెలుగుకు మనం మెప్పు పొందుతున్నాం. విద్యుత్ చౌర్యం 2003 నాటి విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద నేరం. చట్టం సంగతి అటుంచి, దొంగిలింపరాదన్న దేవుని ఆజ్ఞకు పండుగ రోజుల్లో సెలవు లేదు. "అందరూ వేస్తున్నారు ఫాదర్, దేవుడి పనికే కదా" అనేది జవాబు కాదు. దేవుడి పని కాబట్టే దేవుడి పద్ధతిలో చేయాలి. ఆ కొక్కెం వేసేటప్పుడు ఒక తల్లి బిడ్డ ప్రాణం పోవచ్చునని వేరే చెప్పాలా? ఏ ఇంటి మీటరు నుంచి కనెక్షన్ తీసుకుంటే ఆ ఇంటివారి బిల్లు అందరూ పంచుకోండి. దీపాలు తగ్గితే తగ్గనివ్వండి.

రెండవది, నిలకడలేని మనుష్యుల తీర్పు కోసం మెప్పు కోరడం. ఆర్చీలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చే ఆచారం కొన్నిచోట్ల ఉంది. ఉత్సాహం కోసమైతే సంతోషం. కాని బహుమతి రాని వీధివారు క్రిస్మస్ జాగరణ పూజలో బహుమతి వచ్చిన వీధివారికి సమాధానం చెప్పకుండా ముఖం తిప్పుకుంటే, ఆ రాత్రి ఎన్ని బల్బులు వెలిగినా చీకటే.

మూడవది, మెప్పును తగిన గమ్యానికి చేర్చకపోవడం. దేవుని ఘనతకు గాని, పొరుగువాని మేలుకు గాని చేరని కీర్తి దారిలోనే ఎండిపోతుంది. మన ప్రశ్నకు తాళంచెవి ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ప్రభువు రెండు మాటలూ ఒక్కటే అడుగుతున్నాయి: నీ వెలుగు చూసినవాడు చివరకు ఎవరి దగ్గరకు చేరుకుంటున్నాడు? నీ దగ్గరే ఆగిపోతే 6వ అధ్యాయం నిన్ను హెచ్చరిస్తుంది. నిన్ను దాటి తండ్రి దగ్గరకు, తోటివాని దగ్గరకు వెళితే 5వ అధ్యాయం నిన్ను ఆశీర్వదిస్తుంది.

ఆర్చి చేసే పని

సెమినరీలో మాకు అరిస్టాటిల్ నాలుగు హేతువులు నేర్పేవారు. ఒక వస్తువు దేనితో తయారైంది, ఏ రూపంలో ఉంది, ఎవరు చేశారు, ఎందుకోసం చేశారు అని నాలుగు ప్రశ్నలు అడగాలి. మన ఆర్చి వెదురుతోను, తీగలతోను తయారైంది. దాని రూపం ద్వారం. చేసినవారు మన పిల్లలు. ఎందుకోసం? ద్వారం ఎందుకోసమో ఆర్చీ అందుకోసమే. దాని కింద నుంచి మనిషి నడిచి వెళ్ళాలి. దానిని చూసి నిలబడిపోవడానికైతే గోడకు కట్టినా చాలు. తోరణం దాటి నాలుగడుగులు వేస్తే పశువులపాక కనబడాలి. పాక దగ్గర నిలిచినవానికి "రండి, కూర్చోండి" అని పలకరించే మనిషి ఒకడుండాలి. అవి లేని ఆర్చి ఇల్లు లేని గుమ్మం.

ఇప్పుడు దానిని కట్టే విధానం చూడండి. ఎండిన వెదురు వంచితే విరుగుతుంది, అందుకే పచ్చి వెదురు తెస్తారు. బద్దలుగా చీల్చి, మూడేసి నాలుగేసి కలిపి బైండింగు వైరుతో కట్టి, మెల్లగా వంచుతారు. వంచిన వెదురు ఊరుకోదు. మళ్ళీ నిటారు కావాలని రెండు కొనలనూ బయటికి తన్నుతుంది. అందువల్ల రెండు పక్కలా మోకాలి లోతు గుంటలు తీసి, గుంజలు పాతి, కొనలను వాటికి గట్టిగా బిగిస్తారు. మన కళ్ళు పైన మెరిసే నక్షత్రాన్ని చూస్తాయి. భారం మోసేవి మాత్రం ఎవరూ చూడని ఆ రెండు పాదాలు. ఒక పాదం ఎంత గట్టిదైనా, రెండవది పట్టు తప్పితే ఆర్చి లేదు.

ఆ రెండవ పాదం గురించే మీతో చెప్పాలని ఇంత దూరం తీసుకువచ్చాను. సందు మీద కట్టే ఆర్చికి ఒక పాదం మన వాకిట్లో ఉంటుంది. రెండవ పాదం ఎదురింటివారి వాకిట్లో ఉంటుంది. దారి అందరిదే కదా, ఎవరినీ అడగనక్కరలేదు అనుకోవచ్చు. కాని ఎదురింటివారు హిందువులు కావచ్చు, మహమ్మదీయులు కావచ్చు, వేరే సంఘానికి వెళ్ళే క్రైస్తవ సోదరులు కావచ్చు. "వదినగారూ, మీ గోడ పక్కన గుంజ పాతుకుంటాం, మీకు ఇబ్బంది కాదు కదా" అని వెళ్ళి అడిగి చూడండి. ఆ పలకరింపుతో పండుగ వారి ఇంట్లోకి కూడా అడుగు పెడుతుంది. అడగకుండా పాతిన గుంజ ఆక్రమణ అవుతుంది.

ఆ ఎదురిల్లు ఏడాది గడవని ఇల్లు అనుకోండి. ఇంటాయన పోయి నెలలు కాలేదు, ఈ ఏడు వారికి పండుగ లేదు. అప్పుడేం చేయాలి? ఆర్చి మానుకోవాలా? లేక మన సంతోషం మనది అని వారి కిటికీ ఎదుట రంగులు మెరిపించాలా? రెండూ తొందరపాటే. ముందు వెళ్ళి ఆ తల్లి దగ్గర కూర్చోండి. "అమ్మా, మీరు వద్దంటే మానేస్తాం" అని నిజంగా మానేయడానికి సిద్ధపడి అడగండి. ఆమె వద్దంటే గుంజలు నాలుగిళ్ళ అవతలకు మార్చండి. కట్టుకోమంటే తెల్లని దీపాలు నిలకడగా వెలిగే ఏర్పాటు చేసి, మైకు అటువైపు తిప్పకండి. శిశువుగా వచ్చిన ప్రభువు దుఃఖపడేవారి ఇంటి మీదుగా దాటిపోయేవారు కారు.

రెండవ పాదం మరొక చోట కూడా ఉంటుంది. ఇంటింటికీ చందా వసూలు చేసేటప్పుడు ఇవ్వలేని ఇల్లు ఒకటైనా తగులుతుంది. ఆ ఇంటి పేరు, ఇచ్చినవారి పట్టీలో పక్కన సున్నా చుట్టి, గుడి తలుపుకు అంటించకండి. ఆ ఇంటి కుర్రవాణ్ణి వెదురు చీల్చడానికి పిలవండి. వాడి చేతి పని ఆర్చిలో ఉంటే వాడి వాటా ఉన్నట్లే. పాత సీరియల్ సెట్టులో ఒక చిన్న బల్బు తీసేస్తే వరుసంతా ఆరిపోయేది మీరెరుగుదురు. కరెంటు ప్రతి బల్బు గుండా సాగితేనే తరువాతి బల్బుకు చేరుతుంది.

ఇతర దేశాల సాక్ష్యం

జర్మనీ దేశపు సాక్సనీ ప్రాంతంలో గని కార్మికులు నివసించే కొండలు ఉన్నాయి. అక్కడ క్రిస్మస్‌కు 'ష్విబ్‌బోగెన్' అనే దీపతోరణం పెడతారు. తేదీ తెలిసినవాటిలో అతి పాతది యోహాన్‌గియోర్గెన్‌స్టాట్ పట్టణానిది, 1740 నాటిది, ఇనుముతో చేసినది. ఆ అర్ధచంద్రాకారం గని ముఖద్వారాన్ని గుర్తు చేస్తుందని అక్కడివారు చెప్పుకుంటారు. చలికాలంలో తెల్లవారకముందే గనిలోకి దిగి, పొద్దుగూకిన తరువాత పైకి వచ్చే కార్మికునికి సూర్యదర్శనమే కరువు. నేడు ఆ ప్రాంతంలో ఆగమన కాలం వచ్చిందంటే ఇంటింటి కిటికీలోనూ ఈ తోరణం వెలుగుతుంది. దానిని కిటికీలో పెట్టడం వల్ల ఆ వెలుగు ఇంటివారితో పాటు వీధిలో నడిచే బాటసారికి కూడా అందుతుంది.

అంతకు ఐదు వందల ఏళ్ళ ముందు, 1223లో, ఇటలీలోని గ్రెచ్చియో గ్రామంలో పునీత అస్సీసి ఫ్రాన్సిస్ వారు గడ్డి, తొట్టి, ఎద్దు, గాడిదలతో క్రిస్మస్ రాత్రి జరిపించారు. ఆ రాత్రికి కావలసిన కొవ్వొత్తులు, కాగడాలు సిద్ధం చేసుకుని తెచ్చింది చుట్టుపక్కల జనమే. ఫ్రాన్సిస్ వారు తొట్టి ఏర్పాటు చేస్తే వెలుగు ఊరివారు తెచ్చారు. మన తోరణాలకు ఇంతకంటే మంచి ఆదర్శం ఎక్కడ దొరుకుతుంది?

కాబట్టి ఈ ఏడు

ప్రియ యువకులారా, ఆర్చి కట్టండి. సంతోషంగా కట్టండి. వరికోతల కాలం కనుక గడ్డి ట్రాక్టరు, రాత్రివేళ 108 వాహనం తగలకుండా వెళ్ళగల ఎత్తున కట్టండి. తీగల అతుకులకు టేపు చుట్టి, పిల్లల చేతికి అందకుండా చూడండి. మంచుకు తడిసిన వెదురును, బోసి తీగను కలవనీయకండి. ముగ్గురు రాజుల పండుగ అయ్యాక మీరు తీసిన గుంటలు మీరే పూడ్చండి.

తల్లిదండ్రులారా, మీ అబ్బాయి అర్ధరాత్రి వరకు గుంజలు పాతుతున్నాడని విసుక్కోకండి. ఒక టీ గ్లాసు పట్టుకుని వెళ్ళి, "నాయనా, రెండో వైపు ఎవరి వాకిలిరా? వాళ్ళను అడిగారా?" అని ఒక్క మాట అడగండి. అడిగి వచ్చామని చెబితే నిశ్చింతగా దీపాలు వెలిగించమనండి. అడగలేదంటే, ఎంత రాత్రయినా సరే, వెదురు అక్కడే పడుకోబెట్టి, తెల్లవారాక ఆ గుమ్మం తట్టి వచ్చిన తరువాతే నిలబెట్టమనండి.

బేత్లెహేములో చోటు దొరకని ఆ కుటుంబానికి మన రెండు వాకిళ్ళ మధ్య చోటు దొరకుగాక. బాలయేసు మిమ్మల్ని, మీ ఎదురింటివారిని దీవించుగాక. ఆమెన్.