కూర్చునేవాణ్ణి వెంట తీసుకెళ్లు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవెనలు.

తోటకి చిన్న ట్రాక్టరు కొందామనుకుంటున్నావనీ, అది క్యాబిన్‌తో కావాలంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషించాను. నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటల్లో మందు కొట్టేటప్పుడు ఒక్కసారి నిలబడి చూసినవాడికెవరికైనా క్యాబిన్ ఎందుకో చెప్పక్కర్లేదు. పూత మీద తేనెమంచు పురుగుకి కొట్టిన మందు పైకి లేస్తుంది, గాలి తిరిగితే మళ్లీ బండి మీదే దిగుతుంది. నడిపేవాడు మూతికి తువ్వాలు చుట్టుకుని ముందుకీ వెనక్కీ చూసుకుంటూ పోతుంటాడు. కాసేపటికే ఆ తువ్వాలు మందుతో తడుస్తుంది. సాయంత్రం దిగేదాకా అదే తడిగుడ్డ ముక్కుకి అంటుకుని ఉంటుంది.

అయితే షోరూముకి నువ్వూ మీ బావమరిదీ వెళ్తున్నారట, డ్రైవరు తోట దగ్గరే ఉంటాడట. అది నాకు నచ్చలేదు. డబ్బు కట్టేది నువ్వే, సంతకం పెట్టేదీ నువ్వే. ఏడాది పొడవునా ఆ సీట్లో కూర్చునేది మాత్రం అతను. నీ కొలతలిచ్చి అతనికి చొక్కా కుట్టిస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. నీ మోకాళ్లు ఎక్కడ ఆనుతాయి, నీ తల పైకప్పుకి తగులుతుందా అన్నది చూసి లక్షలు పోయడం అతని పట్ల న్యాయం కాదు.

తీసుకెళ్లావే అనుకో. సీటెక్కించి, నువ్వూ సేల్స్ కుర్రాడూ చెరోపక్కా నిలబడి, 'ఎలా ఉంది?' అని అడుగుతారు. అతను 'బాగుందండీ' అంటాడు. ఇంకేమంటాడు? జీతం ఇచ్చే మనిషి ముందు, ఏసీ గదిలో, మెరిసే కొత్త బండి మీద కూర్చోబెట్టి అడిగితే ఇరుగ్గా ఉందని చెప్పే ధైర్యం మనవాళ్లలో చాలామందికి ఉండదు. చెబితే మొహమాటం, బండి కొనడం మానేస్తారేమోనని భయం. అందుకని ఆ ప్రశ్న అడగొద్దు. డెమోకి బండిని తోటకి పంపమని డీలర్ని అడుగు, పంపుతారు. రొటావేటర్ తగిలించి రెండు గంటలు నడపమను. నువ్వు అక్కడే నిలబడకుండా దూరంగా ఏ చెట్టు కిందో ఉండు. దిగేటప్పుడు అతన్ని చూడు. చెయ్యి నడుం మీదకి పోయిందా? ఏ కాలు చాపి విదిలించుకుంటున్నాడు? చొక్కా వీపు మీద తడిసిందా, మెడ దగ్గర తడిసిందా? తర్వాత కూర్చుని టీ తాగుతూ 'ఏ పక్క ఇబ్బందిగా ఉంది?' అని అడుగు. ఇబ్బంది ఉందని నువ్వే ముందు ఒప్పుకుంటే, అది ఎక్కడో అతను చెబుతాడు.

చిన్న ట్రాక్టర్లు మన దగ్గర చాలా వరకు క్యాబిన్ లేకుండానే వస్తాయి. కంపెనీయే ఏసీ క్యాబిన్ బిగించి ఇచ్చేవి ఎక్కువగా పెద్ద బళ్లు. నీకు బయట బిగించేవాళ్ల దగ్గరికి పోవాల్సి రావచ్చు, కాబట్టి ఇంకా జాగ్రత్తగా చూడాలి. మీటరు వెడల్పుండే బండి మీద పెట్టే గది ఎంత ఉంటుందో ఆలోచించు. తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా, బురద కాళ్లతో ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి రెండు చేతులకీ పిడి ఉందా, గేరు రాడ్డుకీ క్లచ్‌కీ మధ్య ఎడమ తొడ ఇరుక్కుంటోందా, హైడ్రాలిక్ లివరు కదిపితే మోచెయ్యి అద్దానికి కొట్టుకుంటోందా. ఇవన్నీ అతను కూర్చున్నప్పుడే తెలుస్తాయి. ట్రాక్టరు డ్రైవరు రోజులో చాలాసేపు వెనక్కి తిరిగే ఉంటాడు, నాగలిని చూసుకోవాలి కదా. వెనక అద్దంలోంచి పీటీఓ షాఫ్టు (ఇంజను శక్తిని వెనక పనిముట్టుకి అందించేది), కొక్కెం కనిపించకపోతే ప్రతిసారీ నడుం మెలితిప్పి వంగి చూడాలి. నలభై ఏళ్లకే నడుం పట్టేసే డ్రైవర్లలో ఎంతమందికి ఇలా మెలితిప్పే ఆ గతి పట్టిందో!

ఇక సీటు. ట్రాక్టరు వెనక ఇరుసుకి కారుకున్నట్టు స్ప్రింగులుండవు. నేలకీ వెన్నుకీ మధ్య ఉన్నవి టైరూ సీటూ, అంతే. కూర్చున్న మనిషి వెన్ను సెకనుకి 4 నుంచి 6 సార్లు ఊగే కుదుపుకి అన్నిటికన్నా ఎక్కువ లొంగుతుంది. గట్ల మీద, పెడ్డల మీద పోయే ట్రాక్టరు కుదుపు కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. యూరప్‌లో దీని మీద 2002లో ఆదేశమే తెచ్చారు. 8 గంటల పనిలో ఒంటికి తగిలే కుదుపుకి రెండు హద్దులు గీశారు. మొదటిది దాటితే తగ్గించే ఏర్పాటు చెయ్యాల్సింది యజమాని. రెండోది అసలు దాటనివ్వకూడదు. ఆ బాధ్యత డ్రైవరుది కాదు, యజమానిది అని రాసి పెట్టడం నాకు బాగా నచ్చింది. మన తోటలో ఆ యజమానివి నువ్వు.

సస్పెన్షన్ సీటైతే కింద బరువు సర్దే పిడి ఒకటి ఉంటుంది. 80 కిలోల మనిషికి బిగించిన సీటు మీద 55 కిలోల మనిషి కూర్చుంటే అది కొయ్యబల్లలా ఉంటుంది, అసలు కిందికి దిగదు. అటుదిటైతే ప్రతి గుంతకీ అడుగంటి కొడుతుంది. ఆ పిడి ఎలా తిప్పాలో డీలరు నీకు కాకుండా అతనికి చూపించాలి. అతని చేత్తో తిప్పించు. స్ప్రింగు లేని గట్టి సీటైతే మార్పించే ఖర్చు కూడా లెక్కలో వేసుకో.

చప్పుడు సంగతి చాలామందికి పట్టదు. క్యాబిన్ ఉంటే మోత తగ్గుతుందనుకుంటారు. కానీ రబ్బరు దిమ్మలు లేకుండా నేరుగా బోల్టులు బిగించిన రేకుల గది డోలులా మోగి మోత పెంచుతుంది. తలుపులు మూయించి, పీటీఓ తిరిగే వేగానికి ఇంజను పెట్టించి, చెయ్యి చాచితే అందేంత దూరంలో అతనితో మాట్లాడి చూడు. గొంతు పెంచితే తప్ప వినపడకపోతే 85 డెసిబెల్స్ దాటిందనే లెక్క. 8 గంటలకి పైహద్దు 85 అనీ, ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కీ పనిచెయ్యదగ్గ సమయం సగానికి పడిపోతుందనీ అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లని పరీక్షించి రిపోర్టులిస్తుంది. డ్రైవరు చెవి దగ్గర శబ్దం, కుదుపు కూడా వాటిలో కొలుస్తారు. నువ్వు చూసే మోడల్ రిపోర్టు డీలర్ని అడుగు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. బయట క్యాబిన్ బిగించాక ఆ అంకెలు నీ బండికి చెల్లవు.

ఎండ. మార్చి దాటాక అద్దాల గది ఎలా ఉంటుందో నీకు తెలుసు. డిసెంబరు సాయంత్రం షోరూములో ఏసీ చల్లగా తగిలిందని మురిసిపోకు. మిట్టమధ్యాహ్నం, నీడలేని చోట, రొటావేటర్ మీద లోడుండగా చూడాలి. చిన్న ఇంజను శక్తిలోంచే ఏసీ కూడా లాక్కుంటుంది, లోడు పడ్డప్పుడు బండి దమ్ము చాలుతుందో లేదో అప్పుడే తేలుతుంది. ఇంజను వేడి పాదాల మీదకి వస్తోందేమో చెప్పులు విప్పించి చూడు, మనవాళ్లు చాలామంది ఉత్తకాళ్లతోనే నడుపుతారు. ఏసీ పాడైన రోజున అద్దాలు తెరుచుకుంటాయా? ఆ మరమ్మతు నూజివీడులో చేసేవాళ్లున్నారా, లేక విజయవాడ దాకా పోవాలా?

మందు గురించి కాస్త ఎక్కువ చెబుతాను, నువ్వు క్యాబిన్ అడిగింది దానికోసమే కాబట్టి. అద్దాలు మూస్తే మందు రాదనుకోవడం ప్రమాదం. మామూలు ఫిల్టరు దుమ్మునే ఆపుతుంది. యూరప్‌లో క్యాబిన్లని ఈఎన్ 15695 అనే ప్రమాణంతో నాలుగు తరగతులుగా విడదీశారు. ఒకటో తరగతికి రక్షణే లేదు, రెండోది దుమ్ముకి, మూడోది దుమ్ముతోపాటు తుంపరకి. మందు ఆవిరిని కూడా ఆపేది నాలుగో తరగతి ఒక్కటే. దానికి యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టరు ఉండాలి, లోపలి గాలి ఒత్తిడి బయటకన్నా కాస్త ఎక్కువుండాలి, లివర్లూ కేబుళ్లూ దూరే బొక్కలన్నీ మూసి ఉండాలి. బయట చేయించే క్యాబిన్‌లో ఇవన్నీ ఉండటం కష్టం. లేకపోతే అతనికి మాస్కు, చేతి తొడుగులు, నిండు బట్టలు ఇవ్వక తప్పదు. క్యాబిన్ వచ్చిందిగా అని వాటిని మానిపించావో, ఇదివరకు గాలికి పోయే మందు ఇప్పుడు మూసిన గదిలో అతనితోపాటే ఉంటుంది. మందు కలిపిన చేతులతో, తడిసిన బట్టలతో లోపలికి ఎక్కకుండా చూడు. సీటు గుడ్డకి పట్టిన మందు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఊళ్లోకి తీసుకెళ్లే రోజున కూడా అక్కడే ఉంటుంది.

కొమ్మల కింద దూరాలని పైకప్పు తక్కువ ఎత్తులో చేయించమంటారు. చేయించేముందు అది బండి బోల్తా పడితే తట్టుకునే చట్రమా, ఉత్త రేకుల గదా అని అడుగు. స్వీడన్‌లో 1959లోనే కొత్త ట్రాక్టర్లకి ఆ చట్రం తప్పనిసరి చేశారు, బోల్తాల్లో చావులు బాగా తగ్గాయి. రేకుల గది మనిషిని కాపాడదు, లోపల ఇరికిస్తుంది. అలాంటిదే దొరికితే, క్యాబిన్ ఆశ వదులుకుని మడిచే రోప్స్ (బోల్తా తట్టుకునే) చట్రం, సీటు బెల్టు ఉన్న బండి కొనుక్కుని, మందు కొట్టే పనికి మంచి మాస్కు ఇవ్వడమే మేలు.

ఇంకో మాట. క్యాబిన్ వచ్చాక పొద్దున ఆరింటికి ఎక్కించి రాత్రి తొమ్మిదింటికి దింపాలనే ఆలోచన నీకు రాకపోవచ్చు, పక్క తోట వాళ్లు అలా చేయిస్తుంటే వస్తుంది. చల్లగా ఉందని వెన్నుపూస అలిసిపోకుండా ఉండదు. గంటన్నరకోసారి దిగి నాలుగడుగులు నడవమని చెప్పు, దిగినప్పుడు ఎందుకు దిగావని అడక్కు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టరు నడపడంలో, మరమ్మతుల్లో శిక్షణ ఇస్తుంది. వీలైతే అతన్ని పంపు. పంపినన్ని రోజులూ జీతం ఆపకు.

డెమో రోజు కూడా అంతే, అది పనిదినమే. తారీఖు ఖాయమయ్యాక నాకు చెప్పు, టేపు పట్టుకుని వస్తాను. మీ తోటలో అన్నిటికన్నా కిందికి వాలిన కొమ్మ ఎత్తు, అతను సీట్లో నిటారుగా కూర్చుంటే తల ఎత్తు, రెండూ కొలిచి రాసుకున్నాకే డీలరుతో ధర మాట్లాడదాం.

ఇట్లు,
మామయ్య