నా కుడి, నీ ఎడమ: కారు మ్యాప్‌లో ఒక గీతా పాఠం



కారులో నావిగేషన్ పెట్టుకుంటాం కదా, అందులో మ్యాప్‌ని రెండు రకాలుగా చూడొచ్చు. ఒకదాంట్లో ఉత్తరం ఎప్పుడూ పైనే ఉంటుంది. ఊరు కదలదు, మన బాణం గుర్తు ఒక్కటే కదులుతుంది. రెండో రకంలో మన బాణం ఎప్పుడూ పైకే చూస్తుంటుంది. మనం మలుపు తిరిగితే ఊరంతా మన చుట్టూ తిరుగుతుంది!

డ్రైవింగ్‌కి చాలామందికి రెండోదే సులువు. "200 మీటర్ల తర్వాత ఎడమకు తిరగండి" అంటే స్క్రీన్ మీద ఎడమ, మన ఎడమ ఒకటే. అందులో తప్పేం లేదు. కానీ కారు దిగాక కూడా మనం అదే మ్యాప్‌తో బతికేస్తుంటాం. మధ్యలో నేను, నా చుట్టూ తిరగాల్సిన లోకం. అహంకారం అంటే పొగరు ఒక్కటే కాదు, ఇది కూడా.

హైదరాబాద్‌లో సికింద్రాబాద్ వైపు నుంచి ట్యాంక్‌బండ్ మీదకు వస్తే హుస్సేన్‌సాగర్ కుడి పక్కన ఉంటుంది. ఎదురు దిశలో వెళ్ళేవాళ్ళకి ఎడమ పక్కన. ఇద్దరి మ్యాపూ కరెక్టే. నీళ్ళ మధ్య బుద్ధుడు మాత్రం ఎటూ జరగలేదు.

రాత్రి లేటయితే నాన్న ఫోన్ చేస్తారు, "ఎక్కడున్నావ్?" అని. మన మ్యాప్‌లో అది అనుమానం. ఆయన మ్యాప్‌లో అది భయం. ఎదుటివాళ్ళ సుఖదుఃఖాలను తనవిగా తూచి చూసేవాడే గొప్ప యోగి అని గీత 6వ అధ్యాయం, 32వ శ్లోకంలో కృష్ణుడు చెప్పింది ఇదే.

మరి ఎవరి వైపు నుంచి చూస్తే వాళ్ళదే కరెక్ట్ అయితే, ఇక ధర్మం ఎక్కడుంది? రాంగ్ రూట్‌లో వచ్చేవాడి స్క్రీన్‌లో కూడా బాణం పైకే ఉంటుంది! దుర్యోధనుడికీ తన దారి నేరుగానే కనిపించింది. కృష్ణుడు రాయబారానికి వెళ్ళి అతని మాటా విన్నాడు. కానీ అతని కోసం ధర్మాన్ని పక్కకు జరపలేదు.

అందుకే ఎదుటివాళ్ళ మ్యాప్ చూడటం ఒక్కటే చాలదు, కదలని ఉత్తరం కూడా కావాలి. అదే ధర్మం. అది నా కోసం తిరగదు, నాన్న కోసమూ తిరగదు.

ఈసారి గొడవ వస్తే జవాబు చెప్పే ముందు రెండు ప్రశ్నలు వేసుకుందాం. అటు నుంచి ఇది ఎలా కనిపిస్తోంది? ఉత్తరం ఎటు ఉంది? మొదటి ప్రశ్నకి నాన్న భయం అర్థమవుతుంది. రెండోదానికి వచ్చే జవాబే కష్టం: తొమ్మిదికి వస్తానని మాటిచ్చింది నేనే.

జై శ్రీకృష్ణ!