నలభై రెండులోంచి పదిహేడు

డైట్‌లో రెండో ఏడు చదువుతున్న ఓ ఛాత్రోపాధ్యాయిని టీచింగ్ ప్రాక్టీసుకని మండల పరిషత్ బడికి వెళ్లింది. మూడో తరగతి, తీసివేతలు. పీరియడ్ ప్లాన్ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది, చార్టుకు మెరుపు కాగితం అంటించింది. తీరా పిల్లల ముందు నిలబడేసరికి గొంతు పెగల్లేదు. రాసుకున్నదంతా బోర్డుకేసి చూస్తూ అప్పజెప్పేసింది. చివర్లో 42లోంచి 17 తీసేయమంటే సగం మంది 35 అని రాశారు. అన్నిటికీ ఎర్ర పెన్నుతో ఇంటూలు పెట్టి, ఆఫీసు గదిలోకెళ్లి కళ్లు తుడుచుకుంది.

హెచ్ఎం మేడమ్ టిఫిన్ బాక్సు మూత తీస్తూ, "గిజుభాయి 'దివాస్వప్న' చదివావా అమ్మా? అందులో మాస్టారు మొదటి రోజు పిల్లల్ని నిశ్శబ్దంగా కూర్చోబెట్టే ఆట ఆడిద్దామనుకుంటే గోలగోల చేసేశారు. సరేగానీ, ఆ 35 ఎలా వచ్చిందో ఎవర్నన్నా అడిగావా?" అంది.

మర్నాడు అడిగింది. వెనక వరసలో పిల్లాడు లేచి, "రెండులోంచి ఏడు పోదు కదా టీచర్! అందుకే ఏడులోంచి రెండు తీశా," అన్నాడు.

తప్పే గానీ ఊరికే రాసింది కాదు. ఆమె ప్లాన్ మూసేసింది. చీపురుపుల్లలు తెప్పించి, పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేయించింది. నాలుగు కట్టలు, విడిగా రెండు. "ఇందులోంచి పదిహేడు నాకివ్వు." వాడు తల గోక్కున్నాడు. కాసేపటికి తనే ఒక కట్ట విప్పాడు. విడివి పన్నెండయ్యాయి. ఏడు పుల్లలు, ఒక కట్ట ఆమె చేతిలో పెట్టి మిగిలినవి లెక్కపెట్టుకున్నాడు: ఇరవై అయిదు.

పక్కనున్న పిల్ల ఊరుకోలేదు. "వందలోంచి ఏడు తీయాలంటే? విడివీ లేవు, పదుల కట్టలూ లేవు కదా టీచర్!" ఆ రాత్రి రాసుకున్న ప్లానులో మొదటి వాక్యం ఆ ప్రశ్నే.

పరిశీలనకు వచ్చిన డైట్ లెక్చరరు గుమ్మం పక్కన కూర్చున్న సంగతి ఆమెకు గంట కొట్టాకే గుర్తొచ్చింది. ప్లాన్ ప్రకారం సాగలేదని ఆయన మార్కులు కోశారో లేదో కథలో లేదు; కోసే ఉంటారు.

నీతి: కొత్త టీచరు బెరుకుకు మూలం ఎప్పుడూ తనని తాను చూసుకుంటూ ఉండటం. గొంతు వణికిందా, చార్టు బాగుందా, మార్కులెన్ని? పిల్లాడి తప్పు వెనక వాడి ఆలోచన వెతకడం మొదలెడితే ఆ తీరిక ఉండదు. అలాగని ప్లాన్ దండగ కాదు. ముందురోజు అంత శ్రద్ధగా రాసింది కాబట్టే అది ఎక్కడ చాల్లేదో ఆమెకు తెలిసింది. బీఈడీనైతే 2015 నుంచి రెండేళ్లు చేసి, 20 వారాలు బడుల్లో గడపమంటున్నారు. ఆ వారాలన్నీ రికార్డులు నింపించడానికే వాడుకునే కాలేజీలకు ఈ నీతి ఆ అమ్మాయికన్నా ఎక్కువ అవసరం.