తగలడం, తెలియడం

మా అక్క కూతురు డిగ్రీ పూర్తయ్యాక కంప్యూటర్ ఆటలు తయారుచేయడం సొంతంగా నేర్చుకుంటోంది. ఎండాకాలంలో కొన్నాళ్లు వికారాబాద్‌లో నా దగ్గర ఉంది. ఒక రాత్రి బాగా పొద్దుపోయాక వచ్చి లేపింది. "చిన్నమ్మా, పిల్ల నేలలకెల్లి కిందికి పడిపోతున్నది, జర వచ్చి చూడు" అంది. సాహిత్యంలో పరిశోధన చేసినదానికి ఈ పడిపోయే పిల్లను ఆపడం ఏం తెలుస్తుందని అడగకుండా లేచి వెళ్లాను.

తెర మీద వికారాబాద్ స్టేషను. ప్లాట్‌ఫారమంతా తాండూరు బండలు. మన ఇళ్లలో పరిచే ఆ నీలి బూడిదరంగు నాపరాయినే ఫోటో తీసి అతికించింది. సంచీ భుజాన వేసుకున్న ఒక పిల్ల రైలెక్కి, జనంలోంచి దారి చేసుకుని, తాండూరులో దిగాలి. అదీ ఆట. కానీ మొదలుపెట్టగానే పిల్ల ఆ బండల్లోంచి జారి, తెర అంచు దాటి మాయమవుతోంది. బండ కనిపిస్తోంది. పిల్ల కనిపిస్తోంది. ఒకదానికొకటి మాత్రం లేవు.

ఆమె వాడుతున్న ఇంజను పేరు గోడో. బెకెట్ నాటకం పేరే. అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెత్స్కీ, ఏరియల్ మంసూర్ తయారుచేసి 2014లో అందరికీ తెరిచిపెట్టారు. అందులో బొమ్మ వేరు, దేహం వేరు. బొమ్మకు ముందు 'బాడీ' ఇవ్వాలి. ఆ బాడీకి మళ్లీ 'కొలిజన్ షేప్', అంటే తాకిడి ఆకారం ఇవ్వాలి. అది ఇవ్వకపోతే పక్కన చిన్న పసుపు త్రిభుజం కనబడుతుంది. ఈ దేహానికి ఆకారం లేదు కనుక ఇది దేన్నీ ఢీకొనలేదు, దేనితోనూ సంబంధం పెట్టుకోలేదు అని దాని హెచ్చరిక. మా పిల్ల ఆ హెచ్చరికను చూడలేదు. నేనూ మొదట చూడలేదు.

ఆకారం పెట్టాక పిల్ల బండ మీద నిలబడింది. అయితే ఆ ఆకారం పిల్లలా లేదు. రెండు చివరలా గుండ్రంగా ఉండే మందుబిళ్ల గొట్టంలా ఉంది. జడ, మోచేయి, సంచీ దానిలో ఇమడలేదు. యంత్రం సెకనుకు 60 సార్లు ఎవరు ఎవరికి తగిలారో లెక్క వేసుకోవాలి కాబట్టి ఆకారం ఎంత సాదాగా ఉంటే అంత సులువట. ఆట ఆడేవాళ్లకు కనిపించేది జడ వేసుకున్న పిల్ల. ఆ లోకానికి తెలిసింది మాత్రం గొట్టం.

కనిపించడం ఒకటి, లెక్కకు రావడం మరొకటి. ఈ మాట ఆటలకే పరిమితం కాదు. కార్లను గోడకు ఢీకొట్టి పరీక్షించడానికి వాడే బొమ్మల్లో ఎక్కువగా వాడుకలో ఉన్నది 1976లో అమెరికాలో తయారైన సగటు మగవాడి నమూనా. తర్వాత వచ్చిన ఆడబొమ్మ దాదాపు 49 కిలోల బరువుతో, చాలావరకు ఆ మగబొమ్మను కుదించి చేసిందే. సగటు స్త్రీ కొలతలతో, వెనకనుంచి జరిగే ఢీకొట్లను పరీక్షించే బొమ్మను స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ బృందం 2022లో చూపించింది. అన్నేళ్లూ స్త్రీలు కార్లలో కూర్చుంటూనే ఉన్నారు, ప్రమాదాల్లో పోతూనే ఉన్నారు. ఢీకొట్టే లెక్కలో మాత్రం వాళ్లు చిన్న మగవాళ్లు. అంత దూరం వెళ్లనక్కర్లేదు. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కంది చేలలో కలుపు తీసేది, కాయ కోసేది ఎక్కువగా ఆడవాళ్లే అని ఈ దారిన వెళ్లే ఎవరికైనా కనబడుతుంది. కానీ 'రైతు' అన్న మాటకు మనం తయారుచేసి పెట్టుకున్న ఆకారంలో వాళ్లు ఎంతమంది ఇముడుతున్నారు?

ఇంతవరకూ మనం చాలాకాలంగా చెప్పుకుంటున్న వాదనే. నన్ను నిద్ర పోనివ్వనిది ఆ తర్వాత జరిగింది.

రైల్లో జనాన్ని పెట్టింది మా పిల్ల. ఆట నడుస్తుంటే ఒక వింత కనబడింది. జనం పిల్లను పట్టించుకోకుండా ఆమెలోంచి నడిచి వెళ్లిపోతున్నారు. ఆమె మాత్రం వాళ్లు తగిలిన ప్రతిసారీ పక్కకు జరుగుతోంది, ఆగిపోతోంది. ఎందుకని వెతికితే కారణం దొరికింది. ప్రతి దేహానికీ రెండు పట్టికలుంటాయి. మొదటిది 'లేయర్': నేను ఏ వరుసకు చెందినదాన్ని అన్నది. రెండోది 'మాస్క్': నేను ఏ వరుసలవాళ్లను గమనిస్తాను అన్నది. ఒక్కోదానిలో 32 గడులు. పిల్ల మాస్క్‌లో జనం వరుసకు టిక్కు ఉంది. జనం మాస్క్‌లో పిల్ల వరుసకు టిక్కు లేదు. కాబట్టి ఇద్దరి మధ్య జరిగిన తాకిడి ఒక్కరికే జరిగింది.

తాకడమంటే ఇద్దరికీ ఒకేసారి జరిగేదని నేను అనుకునేదాన్ని. కుడిచేత్తో ఎడమచేతిని తాకితే తాకేదీ తాకబడేదీ ఒకదానిలోకొకటి మారిపోతాయని మెర్లో-పాంటీ 1945లో రాశాడు. ఆ ఆలోచనను సుందర్ సరుక్కై మన దేశపు అంటరానితనం మీదకు తీసుకొచ్చాడు. గోపాల్ గురుతో కలిసి 2012లో తెచ్చిన పుస్తకంలో, అంటరానితనం దూరంగా ఉంచబడినవాళ్లలో కాదు, తాకడానికి నిరాకరించేవాళ్లలోనే ఉందని వాదించాడు. ఆ రాత్రి తెర మీద దానికి పట్టికే కనబడింది. ఎవరి చెమటతో వచ్చిన గింజ ఇంట్లోకి రావచ్చో, ఎవరు రాకూడదో ఊరు టిక్కులు పెట్టుకున్న పట్టిక. రాజ్యాంగం 17వ అధికరణం కొన్ని గడులను కొట్టేసింది. అన్నీ కొట్టేయలేదు. ఎందుకంటే చట్టం చేసిన పనిని అడగగలదు. 'నాకు తెలియలేదు' అన్నవాణ్ని అడగడానికి దాని దగ్గర ప్రశ్న లేదు.

తెలియకపోవడం తప్పా? నీతి గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా ఉద్దేశాన్ని చూస్తాం. కావాలని చేశాడా లేదా అంటాం. కావాలని తోసినవాడి సంగతి సులువు. జనంలో నడుస్తూ ఎవరిలోంచి నడిచాడో తెలియనివాణ్ని ఏమనాలి?

ఈ ప్రశ్నను మగవాళ్ల మీదకు విసరడానికే నేను సిద్ధమయ్యాను. దానికి నాకు అర్హత ఉందనుకున్నాను. వికారాబాద్ నుంచి తాండూరుకు పాఠాలు చెప్పడానికి రెండేళ్లు రైల్లో తిరిగాను. సంచీని ఛాతీకి అడ్డం పెట్టుకోవడం, మోచేతిని గట్టిగా బిగించి ఉంచుకోవడం, సగం సీటులో కూర్చోవడం ఆ రైల్లోనే నేర్చుకున్నాను. ఆడవాళ్లు తమ చుట్టూ ఉన్న చోటును పూర్తిగా వాడుకోరని ఐరిస్ మారియన్ యంగ్ 1980లో రాసిన వ్యాసాన్ని క్లాసులో చెప్పి, అదే సాయంత్రం ముడుచుకుని ఇంటికొచ్చేదాన్ని. ఎదుటివాడు కాళ్లు చాపి, నా మోకాలు తగులుతున్నా తెలియనట్టే నిద్రపోయేవాడు. నాకు మొత్తం తెలిసేది.

కానీ పిల్ల ఆటలోని జనాన్ని చూస్తూ ఉండగా నాకు గుర్తొచ్చింది వాడు కాదు.

ఒకరోజు తాండూరు నుంచి వస్తుంటే రైలు ధారూరు దగ్గర ఆగింది. తలుపు దగ్గర ఎప్పుడూ కొందరు ఆడవాళ్లు మూటలతో కిందే కూర్చుంటారు. నేను లోపలికి జరుగుతూ వాళ్లను దాటాను. కాలు దేనికో తగిలింది. చూస్తే నా సంచీలోంచి జారిన పుస్తకం. చప్పున వంగి దాన్ని ముట్టుకుని కళ్లకద్దుకున్నాను. మనందరికీ చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన అలవాటే అది. లేచేసరికి పక్కన కూర్చున్న పెద్దామె తన వేళ్లు రుద్దుకుంటోంది. పుస్తకం కన్నా ముందు నేను తొక్కింది ఆమె చేతిని.

"చూసుకోలేదమ్మా, తెలియలేదు" అన్నాను.

"నీకు తెల్వకున్నా నడుస్తది బిడ్డా. నాకు తెల్వకుంటె నడుస్తదా?" అంది. కోపంగా అనలేదు. మూట కొంచెం వెనక్కి లాక్కుంది, నాకు దారి ఇవ్వడానికి.

నేను పుస్తకానికి దండం పెట్టాను. ఆమె చేతికి పెట్టలేదు. నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమంతా దళిత స్త్రీల రచనల మీదే. ఈ ప్రాంతంలోనే పుట్టిన గోగు శ్యామల తెచ్చిన 'నల్లపొద్దు' సంకలనం గురించి పేజీలు పేజీలు రాశాను. ఆ పేజీల్లో నా భాష చాలా సున్నితంగా ఉంటుంది. నా పాదానికి మాత్రం ఆ సున్నితత్వం చేరలేదు. కాగితం నా పాదానికి తెలిసింది, మనిషి తెలియలేదు. ఇది ఉద్దేశం కాదు, నిజమే. అయితే పుస్తకానికి వంగడం కూడా ఉద్దేశం కాదు కదా. ఎవరో నేర్పితే వచ్చింది. తగిలితే వంగాల్సినవేవో నేర్పినప్పుడు, వంగనక్కర్లేనివేవో కూడా మాటల్లేకుండా నేర్పారు. ఉన్న కులంలో, ఇంటి ముందు బండలు పరిచిన ఇంట్లో పెరిగినదానికి ఆ పాఠం ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

ఆ ఇంజనులో ఇంకో సంగతి ఉంది. కొత్తగా తయారైన ప్రతి దేహానికీ రెండు పట్టికల్లోనూ మొదటి గడికి టిక్కు ముందే ఉంటుంది. అంటే ఎవరూ ఏమీ ముట్టుకోకపోతే అందరూ అందరికీ తగులుతారు, అందరికీ తెలుస్తుంది. తెలియకుండా చేయాలంటే ఎవరో వచ్చి టిక్కు తీసేయాలి. లోకం అలా పుట్టిందని నేను అనడం లేదు. ఆ మొదటి టిక్కు కూడా ఎవరో ఇంజనీర్ల నిర్ణయమే. ఆటకు ఒక కర్త ఉంటాడు, సమాజానికి అలాంటి ఒక్క కర్త లేడు. ఈ పోలికను ఇంతకన్నా లాగకూడదు. కానీ నేను తెచ్చుకున్న నమ్మకం ఇది: తెలియకపోవడం ఖాళీ కాదు. అది కూడా తయారైనదే. తయారైనదాని వల్ల లాభం పొందుతున్నవాళ్లు, తయారుచేసింది తాము కాకపోయినా, దానికి జవాబు చెప్పాలి. నేరం అనే మాట ఇక్కడ సరిపోదు. బాధ్యత అనే మాట సరిపోతుంది.

అయితే అందరికీ అందరూ తగిలితే న్యాయమేనా? ఇక్కడ స్త్రీలుగా మనకు ఇంకో అనుభవం ఉంది. 2016 అక్టోబరులో ఒక అమెరికన్ రచయిత్రి జోర్డన్ బెలమైర్ అనే కలం పేరుతో తన అనుభవం రాసింది. క్వివర్ అనే వర్చువల్ రియాలిటీ ఆటలో ఒక అపరిచితుడు ఆమె దేహం మీద చేతులు వేయబోయాడు, వెంటపడ్డాడు. అక్కడ ఆమెకు కనిపించే దేహమే లేదు, గొంతు మాత్రం ఆడగొంతు. వాడికి అంతే చాలింది. దగ్గరికొచ్చిన చేతులు ముఖం ముందు మాయమయ్యే ఏర్పాటు ఆ ఆటలో అప్పటికే ఉంది. తయారీదారులు దాన్ని ఒళ్లంతటికీ విస్తరించారు. మెటా సంస్థ కూడా ఇలాంటి ఫిర్యాదుల తర్వాత 2022 ఫిబ్రవరిలో తన వర్చువల్ లోకాల్లో బొమ్మల మధ్య సుమారు 4 అడుగుల దూరం పెట్టింది.

ఆ వార్త చదివినప్పుడు హాయిగా అనిపించింది. రైల్లో నాకు 4 అడుగులు ఎవరిస్తారు? కానీ వెంటనే ఇంకో దూరం గుర్తొచ్చింది. మనిషికీ మనిషికీ మధ్య అడుగులు కొలిచి పెట్టిన దూరాలు మన ఊళ్లకు కొత్త కాదు. ఒకే గీత ఒకచోట రక్షణ, ఇంకోచోట వెలి. తేడా గీత పొడవులో లేదు. దాన్ని ఎవరు గీశారు, ఎవరి కోసం గీశారు, అవతలి మనిషి దాన్ని చెరిపే హక్కు ఎవరికుంది అన్నదానిలో ఉంది. నా చుట్టూ నేను గీసుకునే గీత 'నేను ఉన్నాను, తెలుసుకో' అంటుంది. వెలి గీత 'నువ్వు లేవు' అంటుంది. మొదటిదానికి ఎదుటివాడు నన్ను గమనించాలి. రెండోది గమనించకుండా ఉండడం కోసమే. కనుక మనం అడగాల్సింది దూరం కాదు, స్పర్శ కూడా కాదు. ఎదుటివాళ్ల పట్టికలో మనకొక టిక్కు, మన పట్టికలో మనం తీసేసిన టిక్కులు తిరిగి. ఈ రెండో సగం లేకుండా మొదటి సగం అడిగితే మన స్త్రీవాదం నా పాదంలాగే ఉంటుంది.

మా పిల్ల జనం మాస్క్‌లో టిక్కు పెట్టింది. ఇప్పుడు జనం పిల్లకు తగిలి ఆగుతున్నారు, పక్కకు జరుగుతున్నారు. ఆట నెమ్మదించింది. తలుపు దగ్గర తొక్కిసలాట పెరిగింది. పిల్ల తాండూరులో దిగలేకపోయింది. "ఇట్లయితే ఎవ్వరూ ఆడరు చిన్నమ్మా. రైలు గూడ ఇట్ల ఉండదు" అంది. ఉన్నదున్నట్టు చూపించాలా, ఉండాల్సినట్టు చూపించాలా అని మేమిద్దరం తెల్లారేదాకా కొట్లాడుకున్నాం. అది సాహిత్యంలో నాకు తెలిసిన కొట్లాటే, కానీ గెలవలేదు. చివరికి తలుపు దగ్గర మూటతో కూర్చున్న ఒక ఆడమనిషిని పెట్టమని మాత్రం అడిగాను.

"ఆమెకు ఏం పని?" అంది.

"ఏం పనీ లేదు. కూచుని ఉంటది."

బొమ్మ గీసింది. ఆకారం పెట్టింది. తర్వాత పిల్ల మాస్క్‌లో ఆ కొత్త వరుసకు టిక్కు పెట్టమని నేను చెప్పాల్సి వచ్చింది. దాన్ని తనంతట తాను పెట్టలేదు.